చిన్న వలయం - పెద్ద కణితి

గులాబీ, ద్రాక్ష, పీచ్ మొక్కల కాండం నేలను తాకేచోట ఒక్కొక్కప్పుడు గరుకైన కణితులు లేస్తాయి. మొక్క గిడసబారిపోతుంది. ఈ కణితులకు కారణం మట్టిలోని ఒక బాక్టీరియా అని 1907లో అమెరికా శాస్త్రజ్ఞులు స్మిత్, టౌన్సెండ్ తెలియజేశారు. దాని పేరు అగ్రోబాక్టీరియం.

అయితే అగ్రోబాక్టీరియాలన్నీ హానికరమైనవి కావు. కొన్ని వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో, మొక్క జోలికి పోకుండా బతుకుతాయి. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మరి తేడా ఎక్కడుంది?

ఇది తెలియాలంటే వాటి జీనోములను పోల్చాలి. జీనోము అంటే జీవి కణంలో ఉండే మొత్తం డి.ఎన్.ఎ. ఇది మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని మీకు తెలుసు.

కణితులు కలిగించే 'సి58' రకం జీనోమును 2001లో పూర్తిగా చదివారు. అందులో సుమారు 57 లక్షల మెట్లున్నాయి. ఒక వలయాకారపు క్రోమోజోము, ఒక తిన్నని క్రోమోజోము, ప్లాస్మిడ్లు అనే రెండు చిన్న వలయాలు ఉన్నాయి. చిక్కుడు కుటుంబానికి చెందిన లూపిన్ మొక్క వేళ్ల వద్ద దొరికిన 'హెచ్13-3' రకం జీనోము 2011లో వెలువడింది. దానిలోనూ అలాంటి రెండు క్రోమోజోములు, ఒక ప్లాస్మిడ్ ఉన్నాయి. కాని కణితి కలిగించే 'టి.ఐ. ప్లాస్మిడ్' మాత్రం లేదు! సి58లో ఆ వలయం నిడివి సుమారు 2 లక్షల 14 వేల మెట్లు. అంటే మొత్తంలో 4 శాతమైనా లేదు.

అంత చిన్న వలయం ఏం చేస్తుంది? మొక్కకు గాయమైనచోట, ఈ వలయంలోని ఒక భాగానికి నకలు తయారై మొక్క కణంలోకి వెళ్లి, దాని క్రోమోజోములో చేరిపోతుంది. అందులోని జన్యువుల వల్ల ఆక్సిన్, సైటోకైనిన్ అనే హార్మోన్లు అతిగా తయారవుతాయి. కణాలు అదుపు లేకుండా విభజన చెందుతాయి. అదే కణితి.

పోలిక ఒక్కటే రుజువు కాదు, ప్రయోగమూ కావాలి. సి58ను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచితే ఆ ప్లాస్మిడ్‌ను పోగొట్టుకుంటుంది. ఇక కణితి కలిగించలేదు. ప్లాస్మిడ్‌ను తిరిగి చేర్చితే ఆ శక్తి మళ్లీ వస్తుంది.

ఈ వలయం ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి పోగలదు కూడా. కనుక ఈరోజు హాని చేయని బాక్టీరియా రేపు హానికరం కావచ్చు. తోట మట్టిలో అగ్రోబాక్టీరియం ఉన్నదని తెలిస్తే చాలదు. ఆ వలయం ఉన్నదో లేదో పరీక్షించాలి.

ఆలోచించండి: కణితి ఏర్పడిన తర్వాత బాక్టీరియాలన్నిటినీ చంపేస్తే, కణితి పెరగడం ఆగుతుందా? జవాబుకు ఆధారం ఈ పాఠంలోనే ఉంది.