నిలువుగా లేచే రెక్క

ప్రశ్న: నిలువుగా లేచి దిగే ఆర్‌సీ ఫ్లయింగ్ వింగ్ చేశాను. నేల వదలగానే పల్టీ కొడుతోంది. ఎందుకు? సూర్యలంక బీచ్‌లో ఎగరేయొచ్చా? — ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మొదట రెక్క వెనక అంచున ఉండే ఎలివాన్లు తిరిగే దిశ చూడండి. మోడల్‌ను చేత్తో పట్టుకుని ముందుకు వంచితే అవి దాన్ని వెనక్కి లేపే వైపు కదలాలి. తిరగబడి కదిలితే వంపును సరిదిద్దాల్సిన కంట్రోల్ బోర్డే మోడల్‌ను పడగొడుతుంది. పైగా ఎలివాన్లు ప్రొపెల్లర్ల వెనకే ఉండాలి. నిలువుగా ఉన్నప్పుడు వాటికి అందేది ఆ గాలి ఒక్కటే. మోడల్ 900 గ్రాములుంటే రెండు మోటార్లూ కలిపి 1,400 గ్రాములైనా లాగాలి. బోర్డులో ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ వాడితే అందులో ఇలాంటి మోడల్‌కు టెయిల్‌సిట్టర్ అమరిక ఉంది. అడ్డంగా ఎగిరేటప్పుడు అసలు పరీక్ష గరిమనాభిది. తోక లేదు కదా, గరిమనాభి కాస్త వెనక్కి జరిగినా రెక్క మాట వినదు. బ్యాటరీని ముక్కు వైపు జరపండి.

ఇక ఎక్కడ ఎగరేయాలంటే, సూర్యలంక ఉన్న బాపట్ల తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలికి నిలబడ్డ రెక్క తెరచాపే! రేపల్లె వైపు కోతలయ్యాక, తెల్లవారుజామున పొలాలు మేలు. సూర్యలంక మాత్రం వద్దు. అక్కడ వాయుసేన స్థావరముంది. ఎక్కడైనా ముందు డ్రోన్లు ఎగరేయదగ్గ చోట్లను చూపే డిజిటల్ స్కై మ్యాపు చూడండి. అందులోని గ్రీన్ జోన్‌లోనూ అనుమతి లేకుండా 400 అడుగులు దాటకూడదు.