డ్రమ్ము, చెరకు పిప్పి, కొంచెం గంజి



పోయిన ఏడాది ఎనిమిదో తరగతి వాళ్ళతో స్కూలు తోటలో కంపోస్టు గుంత తవ్విస్తున్నాను. ఒక అబ్బాయి పలుగు పక్కన పెట్టి అడిగాడు: "మేడమ్, మార్చిలో మా నాన్నగారికి ట్రాన్స్‌ఫర్. ఎరువు తయారయ్యేసరికి నేను ఇక్కడ ఉండను. మరి నేనెందుకు తవ్వాలి?"

వాడు బద్ధకంతో అడగలేదు. పదమూడేళ్ళకే ఐదు స్కూళ్ళు మారిన పిల్లవాడి ప్రశ్న అది. నేనూ పెట్టెలు సర్దుకుంటూ ఊళ్ళు తిరిగినదాన్నే. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు ఒక తరగతి గురించి చెబుతాను. ఆ తరగతిలోని విద్యార్థులు కూడా ఒక ఊరికి వెళ్ళి, కొన్ని వారాలకే తిరిగి వచ్చేసేవాళ్ళు.

అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 2002లో ఏమీ స్మిత్ అనే ఇంజనీరు 'డి-ల్యాబ్' మొదలుపెట్టారు. ఆమె చిన్నప్పుడు తండ్రి ఉద్యోగం కోసం వస్తే కుటుంబమంతా ఒక ఏడాది మన దేశంలో ఉంది. అంటే ఆవిడా మీ జట్టే! డి-ల్యాబ్‌లో వేర్వేరు విభాగాల విద్యార్థులు కలిసి పనిచేస్తారు. పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు, ఎవరి ఇంట్లోనో నిజంగా ఉన్న ఇబ్బందే వాళ్ళ పాఠం. మొదట్లో దీన్ని 'హైతీ తరగతి' అనేవారు.

అట్లాసు తీయండి. కరీబియన్ సముద్రంలో ఒక ద్వీపం, దాని పడమటి భాగమే హైతీ. అక్కడ ఎక్కువ మంది కర్ర బొగ్గు మీద వండుకుంటారు. బొగ్గు కోసం చెట్లు కొట్టారు. చెట్లు పోయిన కొండల మీద వాన పడితే మట్టి కొట్టుకుపోతుంది, పంట దిగుబడి తగ్గుతుంది. చెట్లు నరకొద్దని చెప్పడం సులువే. మరి ఈ సాయంత్రం అన్నం దేనిమీద వండాలి?

ఈ ప్రశ్నకు ఏ ఒక్క సబ్జెక్టూ జవాబు చెప్పలేదు. గాలి తగలకుండా కాలితే ఏమవుతుందో చెప్పేది రసాయనశాస్త్రం. ఆ ఊళ్ళో ఏ పంట చెత్త మిగులుతుందో రైతుకు తెలుసు. కర్ర బొగ్గు కన్నా ఎక్కువ ధర పెడితే ఎవరూ కొనరు, అది లెక్కల పని. పొయ్యి ముందు కూర్చునే అమ్మకు నచ్చకపోతే ఇవన్నీ వృథా.

హైతీలో చెరకు ఆడాక పిప్పి మిగులుతుంది. పిప్పి అంటే రసం పిండేశాక మిగిలే పీచు. చెరకు రసం బండి పక్కన మీరు చూసే ఉంటారు. విద్యార్థులు పాత నూనె డ్రమ్ముకు అడుగున కన్నాలు పెట్టి, ఎండిన పిప్పి నింపి, నిప్పు అంటించారు. బాగా రాజుకున్నాక పైన మూత పెట్టి, కింద మట్టితో గాలి రాకుండా కప్పేశారు. గాలి అందకపోతే పిప్పి బూడిద కాదు, బొగ్గవుతుంది. కానీ అది పొడి. పొడి మీద వంట కుదరదు కదా! అందుకని కర్రపెండలం గంజి కలిపి ముద్దలుగా నొక్కారు. కర్రపెండలం అంటే మన సగ్గుబియ్యం వచ్చే దుంపే. (ఇంట్లో ప్రయత్నించకండి. మూసిన గదిలో బొగ్గు కాల్చడం ప్రాణాలకే ప్రమాదం.)

అదే పద్ధతిని మన దేశానికి తెచ్చినప్పుడు సంగతి మారింది. వాళ్ళు పనిచేసిన చోట చెరకూ లేదు, కర్రపెండలమూ లేదు. అక్కడ వంటచెరకు పిడకలు. వాటి పొగ సామాన్యమైనది కాదు. ఇళ్ళలో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అక్కడ దొరికింది గోధుమ గడ్డి, వరిగడ్డి. గంజికి బదులు కొంచెం పేడే కలిపారు. పిడకలతో పోల్చి చూస్తే పొగ తక్కువ, నీళ్ళు త్వరగా కాగాయి. మొక్కజొన్న పండే చోట్ల ఇంకా సుఖం. గింజలు ఒలిచిన కండెను బొగ్గు చేస్తే అది విరగకుండా అలాగే ఉంటుంది, జిగురే అక్కర్లేదు.

నాకు పెరుగు గుర్తొచ్చింది. ఒక కొండ ఊళ్ళో మొదటి చలికాలం, మా అమ్మ చెప్పినట్టే పాలు తోడు పెట్టాను. మూడు రోజులు పాలు పాలుగానే ఉన్నాయి. పక్క క్వార్టర్ ఆంటీ నవ్వి, గిన్నెను శాలువాలో చుట్టి పిండి డబ్బాలో పెట్టమన్నారు. మర్నాటికి పెరుగు గడ్డ కట్టింది. అమ్మ చెప్పింది తప్పు కాదు, కాకపోతే అది మా ఊరి వేడికి సరిపోయే మాట.

డి-ల్యాబ్ విద్యార్థులు జనవరి సెలవుల్లో ఆ ఊళ్ళకు వెళ్తారు. ఉండేది కొన్ని వారాలే. వాళ్ళు తిరిగివచ్చాక యంత్రం చెడితే? విడిభాగం అమెరికా నుంచి రావాలంటే అది ఓ మూల తుప్పు పట్టిపోతుంది. పాత డ్రమ్మైతే ఊళ్ళోనే దొరుకుతుంది, పిప్పీ గడ్డీ ఊళ్ళోవే, కన్నాలు పెట్టడం అక్కడి కమ్మరికి వచ్చు. ఇలాంటి వస్తువులు ఎలా రూపొందించాలో తర్వాతి కాలంలో ఊరివాళ్ళకే నేర్పడం డి-ల్యాబ్ పెద్ద పనిగా పెట్టుకుంది. వెళ్ళిపోయేవాడు పని మొదలుపెట్టే రోజునే, ఉండేవాళ్ళ చేతికి ఏం వస్తుందో ఆలోచించాలన్నమాట.

ఇది విన్నాక మా అబ్బాయి ఏమీ అనలేదు. గుంత మాత్రం పూర్తి చేశాడు. ఒక నోటుబుక్కులో ఏ రోజు ఏ చెత్త వేశారో, ఎప్పుడు కలియబెట్టారో, వాసన వచ్చినప్పుడు ఏం చేశారో రాశాడు. సగం తెలుగు, సగం హిందీ, అక్షరదోషాలు బోలెడు. నేను దిద్దలేదు. మార్చిలో వాళ్ళ సామాను లారీ వెళ్ళిపోయింది.

ఏప్రిల్‌లో విశాఖపట్నం నుంచి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. మొన్న ఆ నోటుబుక్కు పట్టుకొచ్చి, వేలుతో ఒక వాక్యం చూపించింది. "మేడమ్, 'ఎండుటాకులు వేశాక నీళ్ళు చల్లాలి' అని రాశాడు. ఎన్ని మగ్గులో రాయలేదే?"

ఇద్దరం మగ్గు తీసుకుని తోటలోకి వెళ్ళాం.