వికారాబాదు, తాండూరు జనసంఖ్య: అంకెలను చదువు విధము

పట్టణముల జనసంఖ్యతో గ్రామ పంచాయతీకి పని యేమి యని కొందరు సభ్యులు అడుగుచుందురు. పని కలదు. పట్టణపు లెక్కలో క్రొత్తగా చేరిన మనిషి తరచుగా ఏదో యొక పల్లె లెక్కనుండి తొలగినవాడే. అందుచేత వికారాబాదు జిల్లాలోని రెండు పెద్ద పట్టణముల అంకెలను ముందుంచుకొని, వానిని పంచాయతీ సభ్యులు ఎట్లు చదువవలెనో వివరింప దలచితిమి.

2011 జనగణన ప్రకారము తాండూరు పురపాలక సంఘములో 65,115 మంది, వికారాబాదులో 53,143 మంది యుండిరి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది వికారాబాదు. జనము మాత్రము తాండూరున నెక్కువ. రైలు రెండింటికిని సమానమే. నిజాము రాజ్యమున 1874లో వాడి నుండి హైదరాబాదు వరకు పడిన మార్గము రెండూళ్ల మీదుగా పోవుచున్నది. బీదరు, పర్లి వైపు మరియొక మార్గము చీలుటచే వికారాబాదు జంక్షను కూడ అయినది. పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు ధరించిన ఈ ఊరు అనంతగిరి కొండల చెంత, మూసీ నది పుట్టుచోటికి దాపున నున్నది. కొండమీది క్షయ వైద్యశాలవలన దూరప్రాంతముల వారికిని తెలిసినది. అయినను జనమును రప్పించునది పని. తాండూరు నేల క్రింద నాపరాయి యున్నది, నేలపైన కంది పండును. బండ తీయువారు, కోయువారు, నునుపు చేయువారు, లారీల కెత్తువారు, సిమెంటు కర్మాగారముల కూలీలు, కందుల వ్యాపారులు అందరును ఆ ఊరి చుట్టు చేరిరి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

1956 వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణలో కొడంగలుతోపాటు తెలుగు రాష్ట్రమున చేరినది. కావున ఆ బజారులో తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడము వినబడుట వింత కాదు. మాతృభాష యేదని అడిగినప్పుడు గణకుడు ఇంటివారు చెప్పినదే వ్రాయవలెను గాని తన ఊహను వ్రాయరాదు.

ఇక జిల్లా మొత్తము చూతము. నేటి జిల్లా హద్దులలో 2011 నాటి జనసంఖ్య 9,27,140. రెండు పట్టణములు కలిపినను 1,18,258 మాత్రమే. అనగా నూటికి ఇంచుమించు 13 మంది. ఇది పల్లెల జిల్లా. అక్షరాస్యత 57.91 శాతము, రాష్ట్ర సగటు 66 శాతమునకు పైననే యుండెను. ఈ శాతమును కట్టునప్పుడు చాలమంది యొక పొరపాటు చేయుదురు. ఒక గ్రామమున 2,000 మంది కలరనుకొందము. వారిలో ఏడేండ్లలోపు పిల్లలు 250 మంది, చదువు వచ్చినవారు 1,000 మంది. వేయిని రెండు వేలతో భాగించి 50 శాతమనుట తప్పు. పిల్లలను తీసివేసి 1,750తో భాగింపవలెను; అప్పుడు 57 శాతము వచ్చును.

వేయిమంది పురుషులకు 1,001 మంది స్త్రీలు గలరని మరియొక అంకె. చూచుటకు ఇంపుగా నున్నది. కాని మగవారు కూలికై దూరము పోయిన పల్లెలో కూడ స్త్రీల సంఖ్యయే ఎక్కువగా కనిపించును. ఆడపిల్లల స్థితి తెలియవలెనన్నచో ఆరేండ్లలోపు బాలబాలికల నిష్పత్తిని వేరుగా చూడవలెను.

ఇచ్చటనే అసలు చిక్కు. 2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు గణన జరిగినది. ఆ గడువులో ఏ యొక్కనాడైనను తన ఇంట నున్నవాడు ఇంటనే లెక్కింపబడును. గడువంతయు లేనివాడు ఎచ్చట దొరకిన అచ్చట లెక్కింపబడును. కంది కోత ముగిసిన పిమ్మట మన తండాలనుండి పూనా, బొంబాయి, హైదరాబాదు పనులకు కుటుంబములు తరలిపోవుట సభ్యులకు తెలిసినదే. అచ్చట గుడారములలో నున్నవారు గణకుని కంటబడినచో ఆ నగరము లెక్కలో చేరుదురు. పడనిచో ఎందునను ఉండరు. తిరిగివచ్చిన పిమ్మట నీరు, బడి, రేషను అన్నియు మన ఊరనే కావలెను. పదునైదవ ఆర్థిక సంఘము స్థానిక సంస్థల గ్రాంటులను రాష్ట్రములకు పంచుటలో 2011 జనసంఖ్యకు 90 పాళ్లు, విస్తీర్ణమునకు 10 పాళ్లు విలువ నిచ్చినది. లెక్కకు రాని మనిషికి నిధియు రాదు.

హద్దుల మాట మరువరాదు. పరిగి, కొడంగలు 2018లో పురపాలక సంఘములైనవి. 2011లో వారందరు గ్రామవాసులే. రాబోవు లెక్కలో ఒక్కరును ఇల్లు కదలకయే జిల్లాలో పట్టణ జనము పెరిగినట్లు కనిపించును. దానిని చూచి పల్లెలు ఖాళీ యగుచున్నవని తొందరపడి తీర్మానించుట తగదు.

2021లో జరుగవలసిన గణన కోవిడు మహమ్మారిచే ఆగినది. 2027 మార్చి 1ని ఆధార తేదీగా కేంద్ర ప్రభుత్వము 2025 జూన్ 16న ప్రకటించినది. గణన తేదీలను ఊరంతట చాటింపు వేయించి, వలస పోయినవారికి ఇంటి పెద్దలచే ఫోను చేయించవలెను. రెండు దినములు వచ్చి పోగలిగినవారు వత్తురు. రాలేనివారు పనిచోటనే పేరు వ్రాయించుకొనవలెనని చెప్పవలెను. ఇచ్చటను అచ్చటను రెండుమార్లు వ్రాయించుట అబద్ధపు లెక్క. ఉన్నది చెప్పినచో రేషను కార్డు పోవునని, పన్ను పడునని భయపడువారు గలరు. 1948 జనగణన చట్టము ప్రకారము ఆ వివరములు రహస్యములు. న్యాయస్థానమున సాక్ష్యముగనైనను చెల్లవు. ఈ మాట మేము చెప్పుటకంటె ఊరి సభ్యుడు చెప్పినచో ఎక్కువ నమ్మకము కలుగును.

చివరగా, మీ పంచాయతీ క్రింది తండాలు, శివారు ఇండ్లు, పొలముల నడుమ గుడిసెలు గణకుని పటములో నున్నవో లేవో ముందుగా చూచుకొనుడు. లేనిచో గణన మొదలు కాకమునుపే తహసీలుదారుకు వ్రాతమూలకముగా తెలుపుడు.