దిక్కులేని కుక్కకు ఇల్లు వెతకడం ఎట్లా?

కుక్క విశ్వాసం గల జంతువు. ఈ వాక్యం మనమందరం మూడో తరగతిలోనే రాశాం. ఆవు వ్యాసం అయిపోగానే టీచర్లు ఇచ్చేది కుక్క వ్యాసమే. కానీ ఆ వ్యాసంలో ఉండేది పెంపుడు కుక్క. అది ఇల్లు కాస్తది, యజమానిని చూసి తోక ఊపుతది. యజమానే లేని కుక్క గురించి అందులో ఒక్క వాక్యం కూడా ఉండదు. ఈ పాఠం ఆ కుక్క గురించి.

అక్కలారా, చెల్లెళ్ళారా! మెస్ దగ్గర మనం కుక్కకు ఒక ముద్ద వేస్తాం. అది జాలి. జాలి మంచిదే. కానీ ఆ ముద్దతో ఒక పూట ఆకలే తీరుతది. గజ్జి పోదు, టీకా పడదు, వానలో పడుకునే చోటు దొరకదు. ఇవన్నీ జరగాలంటే “ఇది మా కుక్క” అనే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషిని వెతికిపెట్టడమే అసలైన సాయం.

1. కుక్కకూ మనకూ చుట్టరికం

కుక్క తోడేలు జాతి నుంచి వచ్చింది. మనిషి ఆవును, మేకను, కోడిని మచ్చిక చేయకముందే కుక్క మనిషి దగ్గరికి చేరింది. ఇది జరిగి కనీసం 14 వేల ఏళ్ళు అయిందని శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. అప్పటికి వ్యవసాయం కూడా లేదు. కశ్మీరులో బుర్జహోం అనే చోట కొత్త రాతి యుగం నాటి సమాధులు బయటపడ్డాయి. వాటిలో మనుషులతో పాటు కుక్కలను కూడా పాతిపెట్టారు. మహాభారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు.

మా గూడెంలో మా అవ్వ చదువుకోలేదు. అయినా తినే ముందు ఒక ముద్ద పక్కకు పెడుతది. “రాత్రంతా మేలుకున్నది అది గదా, మనం కాదు గదా” అంటది.

2. దిక్కులేని కుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

అడవిలో పుట్టి రావు. మన ఊళ్ళ నుంచే వస్తాయి. కారణాలు ఇవి.

అ) ఇంట్లో కుక్క ఈనుతది. నాలుగో అయిదో పిల్లలు పుడతాయి. మగపిల్లను ఎవరో ఒకరు అడుగుతారు. ఆడపిల్లలను గోనెసంచిలో కట్టి సంత దగ్గరో, వాగు అవతలో వదిలేస్తారు.

ఆ) కుక్క ముసలిది అవుతది, లేదా కాలు విరుగుతది. ఇక కాపలాకు పనికిరాదని తరిమేస్తారు.

ఇ) గజ్జి పట్టి వెంట్రుకలు రాలితే ఇంట్లోకి రానివ్వరు.

ఈ) పట్నాలలో డబ్బు పోసి రకం కుక్కను కొంటారు. దాని తిండి, మందుల ఖర్చు చూసి రోడ్డు మీద విడిచిపెడతారు.

కొందరు “అడవిలో వదిలితే అదే బతుకుతది” అంటారు. అది తప్పు. కుక్క మనిషి దగ్గర బతకడం నేర్చిన జంతువు. అడవిలో ఆకలితో చస్తది, లేదా చిరుతపులికి దొరుకుతది. బతికితే జింకలను తరుముతది, తన జబ్బులను అడవి జంతువులకు అంటిస్తది. అడవికీ నష్టమే.

3. దగ్గరికి పోయే ముందు చూడవలసినవి

గూడెంలో కుక్కలకు గొలుసు ఉండదు. తిరిగే ప్రతి కుక్కా దిక్కులేనిది కాదు. ముందు నాలుగు ఇళ్ళలో అడగాలి.

చిన్న పిల్లలు ఒంటరిగా కనిపిస్తే వెంటనే ఎత్తుకోకూడదు. తల్లి తిండి కోసం పోయి ఉంటది. దూరంగా ఉండి కొంతసేపు చూడాలి. పిల్లలకు రెండు వారాల వయసులో కళ్ళు తెరుచుకుంటాయి. 8 వారాల వరకు తల్లి దగ్గరే ఉండాలి. ముందే విడదీస్తే జబ్బు పడతాయి, కరవకుండా ఆడుకోవడం కూడా రాదు. అది తల్లి, తోటి పిల్లలు నేర్పే విద్య.

కుక్క మాట్లాడదు గానీ ఒళ్ళుతో చెప్తది. తోక కాళ్ళ మధ్య పెట్టి చెవులు వెనక్కి వాల్చితే భయపడుతున్నదని అర్థం. భయపడిన కుక్క కూడా కరుస్తది. పళ్ళు చూపించి గుర్రుమంటే “రావద్దు” అని అర్థం. అప్పుడు పరుగెత్తకూడదు. చెట్టులాగా కదలకుండా నిలబడి, దాని కళ్ళలోకి చూడకుండా, మెల్లగా వెనక్కి జరగాలి. తింటున్న కుక్కను, పిల్లలతో ఉన్న తల్లిని ముట్టకూడదు.

నోటి నుంచి చొంగ కారుతూ, దవడ వేలాడుతూ, తూలుతూ, కట్టెను రాయిని కూడా కరుస్తూ ఉంటే అది పిచ్చికుక్క కావచ్చు. దాని దగ్గరికి ఎవరూ పోవద్దు. రాళ్ళు కూడా వేయవద్దు. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి.

4. కుక్క కరిస్తే

దీన్ని కంఠస్థం చేయండి. రేబిస్ అనేది వైరస్ వల్ల వచ్చే జబ్బు. జబ్బు ఉన్న జంతువు చొంగ గాయంలోకి పోతే వస్తది. జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కానీ ముందుగా టీకా వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు.

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. మన గూడేల్లో కారం అద్దుతారు, సున్నం పూస్తారు, ఆకు పసరు పిండుతారు. ఇవేవీ చేయకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు వేసి, దాన్ని సున్నాగా లెక్కించి 3, 7, 28 రోజులకు మళ్ళీ వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇంకొక మందు కూడా ఇస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. గీరుకున్నా, చిన్న పంటిగాటు పడినా పోవాల్సిందే. కరిచిన కుక్కను చంపకుండా 10 రోజులు గమనించాలి. అయితే ఆ 10 రోజులు అయ్యేదాకా టీకా ఆపకూడదు.

ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ 1885 జులై 6న జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాబుకు మొదటిసారి ఈ టీకా ఇప్పించాడు. బాబు బతికాడు. పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న చనిపోయాడు. అందుకే సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు.

ఇది కుక్కల పాఠంలో ఎందుకు అంటారా? జనం కుక్కను కొట్టేది, విషం పెట్టేది చాలాసార్లు ఈ భయంతోనే. కుక్కకు టీకా ఉంటే ఆ భయం తగ్గుతది. కుక్కా బతుకుతది, మనమూ బతుకుతాం.

5. తిండి, వైద్యం

చాలా రోజులు పస్తున్న కుక్కకు ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు. ముందు నీళ్ళు పెట్టాలి. తర్వాత కారం, ఉల్లిగడ్డ లేని మెత్తని అన్నం కొంచెం కొంచెంగా పెట్టాలి. ఉడికించిన గుడ్డు మంచి బలం. ఉడికిన కోడి బొక్కలు వేయకూడదు, అవి ముక్కలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఆదివారం చికెన్ పెట్టిన రోజు ఈ మాట గుర్తుంచుకోండి. చాక్లెట్ కుక్కకు విషం.

గజ్జి పడితే కొందరు బండిలోంచి తీసిన పాత ఆయిల్ పూస్తారు. కుక్క ఆ ఆయిల్ నాకుతది, అది కడుపులోకి పోతది. దానికంటే పశువుల ఆసుపత్రిలో చూపిస్తే మందు ఇస్తారు. పుండులో పురుగులు పడినా, పిడుదులు పట్టినా అక్కడే చూపించాలి. కడుపులో పురుగులకు కూడా మందు వేయించాలి.

పిల్లకు 6 నుంచి 8 వారాల మధ్య పార్వో జబ్బు టీకా మొదలుపెట్టాలి. రక్తవిరేచనాలతో పిల్లలు చచ్చిపోయేది ఎక్కువగా ఈ జబ్బుతోనే. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్ళీ ఏటేటా వేయించాలి.

6. ఒక లెక్క

ఒక ఆడకుక్క ఏడాదికి ఒక్కసారే ఈనింది అనుకుందాం. 4 పిల్లలు, అందులో 2 ఆడవి. మరుసటి ఏడు తల్లీ, ఆ 2 ఆడవీ ఈనితే 3 × 4 = 12 పిల్లలు. అంటే రెండేళ్ళలో 1 + 4 + 12 = 17. అన్నీ బతికితే 17 ఇళ్ళు కావాలి. ఎక్కడున్నాయి 17 ఇళ్ళు? అందుకే చాలా పిల్లలు ఆకలితో, రోడ్డు మీద చస్తాయి.

దీనికి మార్గం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడకుక్కకు, మగకుక్కకు రెండిటికీ చేస్తారు. వీధికుక్కకు ఆపరేషన్ అయ్యాక గుర్తుగా చెవి చివర కొంచెం కత్తిరిస్తారు. పాలిచ్చే తల్లికి పిల్లలు పాలు మానిన తర్వాత చేయిస్తారు. ఆడపిల్ల అని పారేయవలసిన పని లేదు. ఆపరేషన్ చేయిస్తే అది కూడా మగదానిలాగే ఇల్లు కాస్తది.

7. చట్టం ఏమంటుంది?

సాంఘికశాస్త్రంలో ప్రాథమిక విధులు చదివాం గదా. రాజ్యాంగం 51-ఎ అధికరణం ప్రకారం అడవులను కాపాడడం, ప్రాణుల మీద దయ చూపడం పౌరుల విధి. 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. జంతువును హింసించినా, ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేసినా ఈ చట్టం కింద నేరం. వీధికుక్కలకు ఆపరేషన్, టీకా గురించి 2001లో నియమాలు చేశారు. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలని చెప్పింది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలవద్దన్నది. అదే ఏడాది నవంబరు 7న ఇంకో ఆదేశం ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలో ఉన్న వీధికుక్కలను అక్కడి నుంచి తీసి, ఆపరేషన్, టీకా చేసి షెల్టర్లకు పంపాలని, మళ్ళీ అక్కడే వదలకూడదని చెప్పింది. పిల్లలను కుక్కలు కరవడం చూసి ఇట్లా చెప్పారు. అంటే బడిలో ఉండే కుక్కకు బడి ఇల్లు కాదు. దానికి ఇంకొక ఇల్లు కావాలి.

8. ఇల్లు వెతకడం

ఇది అన్నిటికంటే కష్టమైన పని. “ఎవరికైనా కుక్కపిల్ల కావాలా?” అని అరిస్తే పది చేతులు లేస్తాయి. పిల్ల ముద్దుగా ఉంటది కాబట్టి. ఆరు నెలల తర్వాత ఎన్ని చేతులు ఉంటాయో చెప్పలేం. కాబట్టి ఇచ్చే ముందు ఈ ప్రశ్నలు అడగాలి.

– ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకున్నారా? (పిల్లలు ఒప్పుకుంటే చాలదు.)
– పూటపూటకూ తిండి, నీళ్ళు ఎవరు పెడతారు?
– వానాకాలం ఎక్కడ పడుకుంటది?
– టీకాకు ఏటేటా తీసుకుపోతారా?
– ఆపరేషన్ చేయిస్తారా?
– పనికి వలస పోతే ఎవరికి అప్పగిస్తారు?
– వేటకు వాడము అని మాట ఇస్తారా? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం.

ఎవరిని అడగాలి? మేకలు ఉన్నవాళ్ళను, పోడు దగ్గర మంచె మీద పడుకునేవాళ్ళను అడగాలి. అడవిపంది వస్తే ముందు మొరిగేది కుక్కే. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు కుక్క మంచి తోడు. వాళ్ళకు పసిపిల్ల కన్నా నెమ్మదైన పెద్ద కుక్కను ఇవ్వడం మేలు. మన నాటుకుక్క ఎండకు, వానకు తట్టుకుంటది. మనం తినే అన్నమే తింటది.

ఇచ్చిన వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఎట్లా ఉందో కనుక్కోవాలి. వాళ్ళకు సాకడం కుదరకపోతే “రోడ్డు మీద వదలకండి, మాకే తిరిగి ఇవ్వండి” అని ముందే చెప్పాలి.

ఇప్పుడు మన బడి సంగతి. మెస్ వెనక కట్టెల దగ్గర గోధుమరంగు తల్లి నాలుగు పిల్లలను పెట్టిందని మీ అందరికీ తెలుసు. వాటికి ఇప్పుడు అయిదు వారాలు. మగపిల్ల కోసం ఇప్పటికే ముగ్గురు అడిగారు. మూడు ఆడపిల్లల కోసం ఎవరూ అడగలేదు. తల్లి కోసం అసలే అడగలేదు. వార్డెన్ మేడం నెల రోజులు గడువిచ్చారు. పశువుల డాక్టరు గారు వచ్చి తల్లికి టీకా వేశారు.

ఈ ఆదివారం మన అమ్మానాన్నలు చూడడానికి వస్తారు. “మగదా, ఆడదా?” అని వాళ్ళు అడుగుతారు. “ఆడదే, అయితే ఏం?” అని చెప్పండి. మనల్ని కూడా బడికి పంపేటప్పుడు ఊళ్ళో ఎవరో ఒకరు అదే అడిగి ఉంటారు. మన ఇంట్లోవాళ్ళు వినలేదు కాబట్టే మనం ఇక్కడ ఈ గోడ మీద పత్రిక చదువుతున్నాం.

ఇంట్లో ఒప్పుకున్నవాళ్ళు పై ఏడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసి 9వ తరగతి గదిలో ఇవ్వండి. పెద్దవాళ్ళ సంతకం గానీ వేలిముద్ర గానీ ఉండాలి. ముందు తల్లిని తీసుకునేవాళ్ళ పేరు రాసుకుంటాం.

అభ్యాసం

1. కుక్క కరిచిన వెంటనే ఏం చేయాలి? ఏం చేయకూడదు?
2. కుక్కపిల్లను 8 వారాలకు ముందు తల్లి నుంచి ఎందుకు విడదీయకూడదు?
3. పై లెక్కలో తల్లికి మొదటే ఆపరేషన్ అయి ఉంటే రెండేళ్ళ తర్వాత ఎన్ని కుక్కలు ఉంటాయి?
4. మీ గూడెంలో యజమాని లేని కుక్కలు ఎన్ని? వాటిలో ఒకదానికి ఇల్లు దొరకాలంటే మీరు ఎవరిని అడుగుతారు? పేరుతో రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని