ముందు గట్టున కూర్చోండి

"మాస్టారూ, ధ్యానం చేస్తే మంచి బొమ్మలు వస్తాయా?" బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఈమధ్య తరచూ నన్నడిగే ప్రశ్న ఇది. అవుననీ కాదనీ ఒక్క ముక్కలో తేల్చలేను. రాజమండ్రిలో గోదారి గట్టున నీటిరంగులతో కుస్తీ పడుతూ ముసలివాణ్నయ్యాను. నాకు తెలిసింది చెబుతాను.

1. ముందు కూర్చోండి. రంగుల పెట్టె మూత తియ్యొద్దు, ఫోన్ అసలే తియ్యొద్దు. మొదట్లో మనసు పేర్లు చదువుతుంది: ఇది పడవ, అది కొబ్బరిచెట్టు, ఇవి నీళ్లు. కాసేపటికి ఆ గోల సద్దుమణుగుతుంది. అప్పుడు పడవ కింది నీడ నల్లగా లేదని, అందులో పాచి పచ్చ ఉందని కంటికి ఆనుతుంది. అంతకుముందే కుంచె ముంచితే మీరు వేసేది పడవను కాదు, మీకు తెలిసిన పడవను.

2. గోదారికి ఒక రంగంటూ లేదు. పెట్టెలో నీలం ఉంది కదా అని నీళ్లకు పులిమేస్తారు చాలామంది. శ్రావణంలో ఎర్రనీరు దిగినప్పుడు అందులో నీలమెక్కడిది? పుష్యమాసం వచ్చేసరికి నీళ్లు తేటపడి ఆకాశాన్ని చూపిస్తాయి. పొద్దున మంచులో కొవ్వూరు వైపు గట్టు బూడిదరంగు గీతలా ఉంటుంది. ఆ బూడిదరంగును ట్యూబులోంచి పిండకండి. అల్ట్రామెరైన్ బ్లూలో కాస్త బర్న్‌ట్ సియెన్నా కలపండి. నీలం ఎక్కువైతే మంచు చల్లగా ఉంటుంది, సియెన్నా ఎక్కువైతే అప్పుడే ఎండ తగిలినట్టుంటుంది.

వాతావరణం కూడా మనతో బొమ్మ వేస్తుంది. రోహిణి కార్తె ఎండలో వాష్, అంటే నీళ్లలా పల్చగా పరిచే రంగు, కాగితం చివరికి చేరేలోపే మొదలు ఆరిపోతుంది. ముసురు పట్టిందంటే ఎంతకీ ఆరదు. తొందరపడి రెండో రంగు వేశారా, రెండూ కలిసి బురదే. ఇక తెలుపంటారా, నీటిరంగుల్లో కాగితమే తెలుపు. నీటి మీద మెరుపు ఎక్కడో మొదటి వాష్‌కు ముందే చూసుకుని అక్కడ చెయ్యి పెట్టకుండా ఉండాలి. ఆ నిగ్రహం కుదిరిన రోజు, నన్నడిగితే, వేరే ధ్యానం చెయ్యనక్కర్లేదు.

3. పొడుగు గీతలు ఊపిరి వదులుతూ గీయండి. బిగపడితే చెయ్యి వణుకుతుంది.

4. ధ్యానమంటే కళ్లు మూసుకోవడమొక్కటే కాదు. మన శిల్పులకు ధ్యానశ్లోకాలుండేవి. చేతులెన్ని, ఆయుధాలేవి, ముఖంలో శాంతమా రౌద్రమా అన్నది మనసులో నిలిచాకే ఉలి పట్టేవారు. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా సంగతి మీరు వినే ఉంటారు. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా అడవుల మధ్య పెరిగినవాడు. బళ్లో మనసు నిలవక దిక్కులు చూస్తుంటే పంతులుగారు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూడమన్నారట. పెద్దయ్యాక ఆయన బొమ్మల్లోకి వచ్చిన 'బిందువు' అదే. కథ బాగుంది. కానీ అందరూ మధ్యలో సంగతి వదిలేస్తారు. 1950లో ఫ్రాన్స్ వెళ్లిన ఆయన దశాబ్దాల పాటు ఊళ్లనూ ప్రకృతినీ చిత్రిస్తూనే ఉన్నారు. ఆ చాకిరీ లేకపోతే చుక్క గోడ మీదే ఉండిపోయేది.

5. ఈ ధ్యానం కోసం హిమాలయాలకే వెళ్లక్కర్లేదు. చిత్రకారుడు, రచయిత సంజీవదేవ్ వెళ్లారు, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబానికి ఆప్తులయ్యారు. ఆ తర్వాత స్థిరపడింది మాత్రం గుంటూరు జిల్లా తుమ్మపూడిలో, సొంత ఊళ్లో. మీ పెరట్లో వేపచెట్టుంటే ఆరు నెలలకు సరిపడా పని ఉన్నట్టే.

6. మూడ్ రాలేదని కూర్చోకండి. పని మొదలెడితే అదే వస్తుంది.

7. అసలు బొమ్మల ముందు నిలబడండి. దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఆ కాస్త ఆయుష్షులోనే, ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహం, బొంబాయి జె.జె. స్కూల్ చదువు తోడై, తెలుగు చిత్రకళకు కొత్త దారి వేశారు. ఫోన్‌లో చూస్తే ఆ వాష్‌ల పల్చదనం తెలియదు. రాజమండ్రి వచ్చినవాళ్లు పుష్కరఘాట్‌లో మునిగి బస్సెక్కేస్తారు. మీరలా చెయ్యకండి. దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ఊళ్లోనే ఉంది. ఒక పూట దానికివ్వండి, అన్నీ చూడాలని పరుగెత్తకుండా ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడండి.