తల్లిని మరల చూచిన బానిస

చదువవలసిన భాగము: ఆదికాండము 45:1–15

నేటి నైజీరియాలోని ఒషోగున్ గ్రామమున జన్మించిన అజాయి, 1821లో, సుమారు పండ్రెండేండ్ల ప్రాయమున, తల్లితోను తోబుట్టువులతోను బానిసల వేటగాండ్రచేత చిక్కెను. తండ్రిని చూచుట అదియే కడసారి. తల్లికి దూరమై, పలుమారులు చేతులు మారి, తుదకు పోర్చుగీసు ఓడ కెక్కింపబడెను. 1822లో బ్రిటిషు నౌకాదళము ఆ ఓడను పట్టుకొని అతనిని సియెర్రా లియోన్‌లో విడిచెను. అచ్చట 1825లో బాప్తిస్మము పొంది శామ్యూల్ క్రౌథర్ అను పేరు ధరించెను.

1843లో గురువుగా అభిషేకము నొందిన క్రౌథర్, అబెయొకుట పట్టణమున సేవ చేయుచుండగా, 1846 ఆగస్టు 21న తల్లి అఫాలా అతనియొద్దకు వచ్చెను. ఇరువదియైదేండ్ల ఎడబాటు! ఆమె వణకెను, ఇరువురు చేతులు పట్టుకొని, మాటరాక ఒకరినొకరు చూచుచు నిలిచిరి. చిక్కిపోయిన ఆమె చెక్కిళ్లపై కన్నీరు జారెను. ఆ దినమునకు అతని క్రైస్తవ పంచాంగమున నియమింపబడిన వాక్యము, తండ్రిలేనివారికి సహాయకుడైన దేవునిగూర్చిన కీర్తన 10:14. తల్లి 1848లో హన్నా అను పేరుతో బాప్తిస్మము పొందెను.

క్రౌథర్ 1864లో బిషప్పాయెను. బైబిలును యొరూబా భాషలోనికి తెచ్చుటలో ముఖ్యుడాయెను. కుమారుడు డాండిసన్ ఆర్చిడీకనాయెను. కుమార్తె అబిగయీలు కుమారుడు హెర్బర్ట్ మెకాలే నైజీరియా జాతీయోద్యమ నాయకుడాయెను.

ప్రియ చదువరీ, యోసేపు తన్ను అమ్మినవారికి ఆహారము పెట్టెను. క్రౌథర్ తన్ను అమ్మిన దేశమునకు సువార్త కొనిపోయెను. పోయిన సంవత్సరములు తిరిగి రాలేదు. అయినను గాయపడిన చోటికే ఆశీర్వాదముగా వెళ్లుటకు దేవుడు అతనిని బలపరచెను. నీవు వెళ్లనొల్లని చోటు ఏది?

ప్రార్థన: ప్రభువా, మాకు కీడు చేసినవారియొద్దకు మేలుతో వెళ్లు హృదయము మాకు దయచేయుము. ఆమేన్.