పిల్లల పక్కన కూర్చుని చూడండి

శ్రమకాల దినాలు వచ్చాయంటే మన ఇళ్లలో టీవీ తీరే మారిపోతుంది. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధన ముగించుకుని, ఎండలో ఇంటికొచ్చి, గ్లాసుడు మజ్జిగ తాగి కూర్చునేసరికి ఏదో ఒక ఛానల్లో యేసు ప్రభువు సినిమా వస్తూ ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని ఎన్నిసార్లు చూశారో లెక్కుండదు. పిల్లలకు మాత్రం ఏదో ఒక ఏడాది అది మొదటిసారి అవుతుంది. ఆ మొదటిసారి వాళ్ల పక్కన ఎవరు కూర్చున్నారన్నది చాలా ముఖ్యమని నా నమ్మకం. అందుకే తల్లిదండ్రులతో ఈ నాలుగు మాటలు.

క్రైస్తవ సినిమాల మీద నాకు గౌరవం ఉంది. 1978లో వచ్చిన 'కరుణామయుడు' తెలుగు ఇళ్లలో చేసిన మేలు చిన్నది కాదు. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ సినిమా విడుదల కాకముందే, ఆ ఏడాది జనవరిలో కన్నుమూశారు. యేసుగా విజయచందర్ నటించారు. సిలువ మోసుకెళ్లే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ రాసి బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట నేటికీ మందిరాల్లో వినిపిస్తుంది. పల్లెల్లో తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి చూపిస్తే మతం తేడా లేకుండా ఊరంతా వచ్చి కూర్చున్న సినిమా అది. చదువురాని పెద్దవాళ్లలో ఎందరికో ప్రభువు జీవితం మొదటి నుంచి చివరి దాకా వరుసగా తెలిసింది అక్కడే. అదే విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబాగా కూడా నటించారు. మీ పక్కింటి వాళ్లు ఆయనలో బాబాను చూసి ఉంటారు, మీరు ప్రభువును చూసి ఉంటారు. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. నటుడు వేరు, ప్రభువు వేరు అన్నది వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

అది అర్థం కావడం అవసరం కూడా. చిన్నపిల్లలు ప్రార్థనకు కళ్లు మూసుకుంటే తెర మీద చూసిన ముఖమే కనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు, కాకపోతే అక్కడే ఆగిపోకూడదు. ప్రభువు రంగేమిటో, పొడుగెంతో నాలుగు సువార్తల్లో ఎక్కడా రాయలేదు. 1959 నాటి 'బెన్‌హర్' తీసినవాళ్లు ఈ విషయంలో చాలా జాగ్రత్తపడ్డారు. మూడు గంటలకు పైగా సాగే ఆ సినిమాలో యేసు ముఖం ఒక్కసారి కూడా చూపించలేదు. గొలుసులతో ఈడ్చుకెళ్తున్న ఖైదీ దాహంతో పడిపోతే నజరేతులో ఒకాయన వచ్చి నీళ్లు పట్టిస్తాడు. మనకు ఆయన చేతులూ వీపూ మాత్రమే కనిపిస్తాయి. వాడికి నీళ్లివ్వొద్దని అరుస్తూ వచ్చిన రోమా సైనికుడు ఆయన ముఖంలోకి చూసి మాట పడిపోయి, తడబడి వెనక్కి తగ్గుతాడు. ఆ ఒక్క సన్నివేశం దగ్గర ఆపి, ఆ సైనికుడు ఏం చూసుంటాడని పిల్లల్ని అడిగి చూడండి. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా పెద్దవాళ్లకు తోచని జవాబులు చెబుతారు.

ఇక ఏ వయసుకు ఏ సినిమా అన్నది. ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెప్పదలిచాను. 2004లో మెల్ గిబ్సన్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్'ను ఆరేడేళ్ల పిల్లలకు చూపించకండి. భక్తి సినిమా కదా, చూస్తే మంచిదే కదా అని కొందరు ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ చూపిస్తారు. అమెరికాలోనే దానికి పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దలు తోడుంటేనే చూడాలన్న ముద్ర వేశారు. కొరడా దెబ్బల ఘట్టం అందులో నిమిషాల తరబడి సాగుతుంది. సువార్తలు తెరిచి చూడండి. యోహాను 19వ అధ్యాయం మొదటి వచనంలో ఆ సంగతి ఒకే ఒక్క వాక్యం. మత్తయి, మార్కు కూడా ఒక్క మాటతో ముందుకు సాగిపోయారు. ఆ రోజుల్లో సువార్తలు చదివినవాళ్లకు ఆ కొరడా అంటే ఏమిటో ముందే తెలుసు కాబట్టి అంతకు మించి చెప్పనక్కర్లేకపోయింది. పెద్దవాళ్లు ఆ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. పసివాళ్లకు మాత్రం దానివల్ల మిగిలేది భయం. సండే స్కూల్లో ఒక పాప సిలువ బొమ్మకు రంగులు వేయమంటే ఎర్రరంగు పెన్సిల్ తీసి, మొత్తం కాగితం ఎర్రగా నింపేసి, తలెత్తకుండా కూర్చుంది. ముందురోజు రాత్రి ఇంట్లో ఏం చూశారో తర్వాత తెలిసింది. నువ్వు అల్లరి చేస్తే ప్రభువుకు అలాగే దెబ్బలు తగులుతాయని ఎవరో అన్నారట కూడా. దయచేసి అలా అనకండి. సిలువను బెత్తంలా వాడకూడదు.

చిన్నవాళ్లకు 'ది మిరాకిల్ మేకర్' మంచిది. బొమ్మలతో తీసిన సినిమా. కథంతా యాయీరు కూతురి కళ్లతో నడుస్తుంది. జబ్బుపడిన ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని జనంలో నిలబడి ప్రభువును చూస్తుంటే, మీ పిల్లలు కూడా అక్కడే నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. కొంచెం పెద్దవాళ్లకు 1979 నాటి 'జీసస్' సినిమా ఉండనే ఉంది. లూకా సువార్తను దాదాపు వచనం వెంట వచనంగా తీసింది. రెండు వేలకు పైగా భాషల్లోకి వెళ్లింది, తెలుగులోనూ ఉంది. దీన్ని బైబిలు ఒళ్లో పెట్టుకుని చూడొచ్చు. తెర మీద వచ్చింది పుస్తకంలో ఉందా అని వెతికే ఆట పిల్లలకు భలే ఇష్టం. 'ది చోజెన్' లాంటి సిరీస్ చూసేవాళ్లకైతే ఈ ఆట తప్పనిసరి. అందులో పేతురు అప్పులూ, మత్తయి నడవడికా రచయితలు అల్లుకున్నవే, చక్కగా అల్లారు కూడా. కానీ ఏది అల్లిక, ఏది వాక్యం అన్నది పిల్లలకు తెలియాలి. ఆ మాటకొస్తే క్రిస్మస్ నాటకాల్లో మనం పశువుల పాకలోకి ముగ్గురు జ్ఞానుల్ని పంపుతాం. మత్తయి ముగ్గురనీ చెప్పలేదు, పాక అనీ చెప్పలేదు, ఇంట్లోకి వచ్చారన్నాడు.

ఇంకో రకం సినిమాలున్నాయి. ఇప్పటి కాలంలో, మామూలు కుటుంబాల్లో నడిచే కథలు. అమెరికాలో జార్జియా రాష్ట్రం ఆల్బనీలోని ఒక బాప్టిస్టు సంఘం వాళ్లే డబ్బు కూడేసి, ఎక్కువగా సంఘస్థులే నటించి తీసినవి వీటిలో పేరున్నవి. 2008 నాటి 'ఫైర్‌ప్రూఫ్' అక్కడిదే. విడాకుల అంచున ఉన్న భర్తకు తండ్రి ఒక నోటుపుస్తకం ఇస్తాడు, నలభై రోజులు రోజుకొక పని భార్య కోసం చెయ్యమని. అది పిల్లలు పడుకున్నాక మీరిద్దరూ చూడాల్సింది. అదే సంఘం నుంచి 2006లో వచ్చిన 'ఫేసింగ్ ద జెయింట్స్' మాత్రం ఇంటిల్లిపాదీ చూస్తారు. అందులో ఒక కోచ్ ప్రార్థన చేస్తాడు, ఓడిపోతున్న జట్టు గెలుస్తుంది, కొత్త బండి వస్తుంది, సంతానం లేని భార్య గర్భవతి అవుతుంది. చూస్తుంటే ఉత్సాహంగానే ఉంటుంది. కానీ మీ పక్కన కూర్చున్న పిల్లాడు పోయిన ఏడాది అమ్మమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మోకాళ్ల మీద ప్రార్థన చేసినవాడైతే? ఆమె బతకలేదు. తన ప్రార్థనలోనే ఏదో లోపం ఉందని వాడు పైకి అనకుండా అనుకుంటాడు. ఇలాంటి సినిమా అయిపోగానే ఆ సంగతి మీరే ఎత్తండి. గెత్సేమనేలో ప్రభువు తొలగించమని అడిగిన గిన్నె కూడా తొలగిపోలేదని చెప్పండి. తెరమీది కథకు రెండు గంటల్లో ముగింపు కావాలి, మన ఇంటి కథకు ఆ అవసరం లేదు.

నన్ను అడిగితే, పదో తరగతి దాటిన పిల్లలున్న ప్రతి ఇంట్లో 'చారియట్స్ ఆఫ్ ఫైర్' చూడాలి. 1981 సినిమా, ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ సినిమాలోని పరుగువీరుడు ఎరిక్ లిడెల్ పరుగెత్తనన్నాడు, నాలుగు వందల మీటర్లలో పరుగెత్తి 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. మన ఇంటర్ కాలేజీల్లో ఆదివారం పరీక్ష పెడితే మందిరమా, పరీక్షా అని నలిగిపోయే పిల్లలకు ఈ కథ దగ్గరగా తగులుతుంది. అయితే రెండు సంగతులు సినిమాలో లేవు, మీరు చెప్పాలి. ఓడ ఎక్కుతుంటే ఆదివారం సంగతి తెలిసినట్టు చూపిస్తారు, నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ ఆయన నాలుగు వందల మీటర్లకు సాధన చేశాడు. రెండోది ఇంకా మంచిది. లిడెల్ మిషనరీగా చైనా వెళ్లాడు, యుద్ధంలో జపాను వాళ్లు వైషియన్ అనే చోట నిర్బంధించారు. ఆ శిబిరంలో ఆదివారాలు ఆటల్లేవు. తోచక పిల్లలు తమంతట తాము హాకీ మొదలెట్టి, రెఫరీ లేక కొట్లాటకు దిగారు. మరుసటి ఆదివారం లిడెల్ వెళ్లి రెఫరీగా నిలబడ్డాడు. పతకం కోసం ఆదివారం పరుగెత్తనివాడు, పిల్లలు కొట్టుకోకుండా ఆదివారం మైదానంలోకి దిగాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే మెదడులో కణితితో చనిపోయాడు. విశ్రాంతి దినం గురించి మీరు ఇంట్లో ఎంత బోధ చేసినా ఈ రెండు ఆదివారాలు పక్కపక్కన పెట్టి చెప్పినంత లోతుకు వెళ్లదు.

ఎదిగిన పిల్లలతో చూడాల్సిన మరొకటి మన పొరుగు ఒడిశా కథ, 2019లో వచ్చిన 'ది లీస్ట్ ఆఫ్ దీజ్'. 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో కుష్ఠురోగులకు సేవ చేసే గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ జీపులోనే కాల్చి చంపారు. భార్య గ్లాడిస్, కూతురు ఎస్తేరు మిగిలారు. గ్లాడిస్ హంతకుల్ని క్షమిస్తున్నానని చెప్పి, బారిపదాలో కుష్ఠురోగుల సేవ కొనసాగించింది. సినిమాలో కథ చెప్పే విలేకరి కల్పిత పాత్ర, చావులు మాత్రం నిజం. చూసే ముందు మీ మనసు మీరు చూసుకోండి. ఒక వర్గం మీద కోపం పెంచడానికి ఈ సినిమా చూపించేటట్టయితే గ్లాడిస్ చేసిన దానికి సరిగ్గా ఎదురు పని చేసినట్టు. చూశాక ఏం నేర్చుకున్నావని మాస్టారిలా అడగొద్దు. ఊరికే కూర్చోండి, టీ పెట్టుకోండి. నేనైతే క్షమించలేను నాన్నా అని మీ అమ్మాయి అంటే కంగారుపడి వాక్యం చూపించకండి. అదే ఆ సాయంత్రం ఆ ఇంట్లో పుట్టిన నిజమైన మాట. నాక్కూడా కష్టమేనమ్మా అని మీరు చెప్పగలిగితే చెప్పండి, ఆ తర్వాత తను ఇంకేం అడుగుతుందో వినండి.